చెప్పిందే చెప్పే డీఎన్‌ఏ.. లెక్క తెలిస్తేనే గుట్టు!

పురుగుల జన్యుక్రమాల్లో ‘రిపీట్’ల విశ్లేషణ.. లైఫ్ సైన్సెస్, స్టాటిస్టిక్స్ విద్యార్థులకు కలిసొచ్చే రంగం

ధర్మవరం పట్టుచీర చేతిలోకి తీసుకుంటే మెరుపు తెలుస్తుంది, మెత్తదనం తెలుస్తుంది. అందులో ఓ ‘రిపీట్’ దాగుందన్న సంగతి మాత్రం కంటికి కనిపించదు. పట్టుపురుగు వదిలే దారంలో ప్రధానమైన ప్రొటీన్ పేరు ఫైబ్రాయిన్. దాని పెద్ద గొలుసులో 5,263 అమైనో ఆమ్లాలు ఉంటాయి. గ్లైసిన్, అలనిన్, గ్లైసిన్, అలనిన్, గ్లైసిన్, సెరిన్.. ఈ ఆరింటి వరుసే అందులో మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రొటీన్ ఇలా ఉందంటే దాన్ని తయారుచేయించే జన్యువు కూడా చెప్పిందే చెబుతోందని అర్థం. పట్టుదారానికి ఆ బలం వచ్చింది ఈ పునరుక్తి వల్లే.

డీఎన్‌ఏలో ఇలా తిరిగి తిరిగి వచ్చే భాగాలను ఒకప్పుడు చాలామంది ‘పనికిరాని సరుకు’ అనుకున్నారు. ఇప్పుడు ఆ మాట చెల్లదు. పురుగుమందుకు ఈగ ఎందుకు లొంగడం లేదు, బీటీ విషం తిన్నా పురుగు ఎలా బతుకుతోంది, మిడత జీనోమ్ మనిషి జీనోమ్ కంటే ఎందుకు పెద్దది.. ఈ ప్రశ్నలన్నింటికీ జవాబులు వెతికేటప్పుడు రిపీట్ల దగ్గరికి రావాల్సిందే. అయితే ఒక చిక్కుంది. రిపీట్లను కనిపెట్టడానికి కంప్యూటర్ చాలు. అవి నిజంగా ఏమైనా చెబుతున్నాయా, లేక యాదృచ్ఛికంగా వచ్చినవా అని తేల్చడానికి మాత్రం స్టాటిస్టిక్స్ కావాలి. అక్కడే చాలామంది తడబడుతున్నారు. ఉద్యోగార్థులకు అవకాశం ఉన్నదీ అక్కడే.

ఇప్పుడే ఎందుకింత చర్చ?

ఐదు వేల కీటకాలు, వాటి బంధువర్గ జీవుల జన్యుక్రమాలను చదవాలన్న లక్ష్యంతో ‘ఐ5కె’ కార్యక్రమం 2011లో మొదలైంది. భూమ్మీది మొక్కలు, జంతువులు, శిలీంధ్రాలు వంటి నిజకేంద్రక జీవులన్నింటి జన్యుక్రమాలనూ చదవాలనే ‘ఎర్త్ బయోజీనోమ్ ప్రాజెక్ట్’ 2018లో ప్రారంభమైంది. 2022లో మానవ జీనోమ్ పూర్తి రూపం వెలువడింది. అంతకుముందు వదిలేసిన సుమారు 8 శాతం భాగం అందులో చేరింది. ఆ భాగంలో ఎక్కువగా ఉన్నవి రిపీట్లే.

మన దేశంలోనూ కదలిక ఉంది. జీవశాస్త్ర డేటా పంచుకోవడంపై కేంద్రం 2021లో ‘బయోటెక్-ప్రైడ్’ మార్గదర్శకాలు ఇచ్చింది. 2022 నవంబరులో ఫరీదాబాద్‌లో ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్ ప్రారంభమైంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ‘బయోఈ3’ విధానాన్ని ఆమోదించింది. ఆర్థిక వ్యవస్థ, పర్యావరణం, ఉపాధి.. ఈ మూడింటికీ బయోటెక్నాలజీని వాడుకోవాలన్నది దాని ఉద్దేశం. 2025 జనవరిలో జీనోమ్ ఇండియా కింద 10 వేల మంది భారతీయుల జన్యు డేటా పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. క్రమాలను చదవడం రోజురోజుకూ చౌకవుతోంది. చదివినదాన్ని అర్థం చేసుకునేవాళ్లు ఆ వేగంతో పెరగడం లేదు.

రిపీట్లు రెండు రకాలు

డీఎన్‌ఏ భాషలో నాలుగే అక్షరాలు: ఏ, సీ, జీ, టీ. వీటితోనే అన్ని ‘వాక్యాలూ’.

మొదటి రకం.. పక్కపక్కనే వరుసగా వచ్చేవి. ‘ఏసీ ఏసీ ఏసీ ఏసీ’ లాగా 1 నుంచి 6 అక్షరాల ముక్క వెంటవెంటనే వస్తే దాన్ని మైక్రోశాటిలైట్ అంటారు. ముక్క పొడవు పెరిగితే మినీశాటిలైట్, శాటిలైట్ అవుతుంది. డీఎన్‌ఏ నకలు తీసే ఎంజైమ్ ఒక్కోసారి జారి, ఒక ముక్కను ఎక్కువో తక్కువో రాసేస్తుంది. అందుకే మైక్రోశాటిలైట్ల పొడవు ఒక జీవి నుంచి మరో జీవికి మారుతుంటుంది. చాలా కీటకాల్లో క్రోమోజోమ్ కొసలు కూడా ‘టీటీఏజీజీ’ అనే అయిదక్షరాల రిపీట్‌తోనే ఉంటాయి. మనుషుల్లో అది ‘టీటీఏజీజీజీ’. ఒక్క అక్షరమే తేడా.

రెండో రకం.. జీనోమ్‌లో అక్కడక్కడా చెదిరి ఉండేవి. ఇవి ఎక్కువగా ట్రాన్స్‌పోజాన్లు, అంటే చోటు మారే జన్యువులు. వీటిని బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో గుర్తించారు. అందుకు ఆమెకు 1983లో నోబెల్ వచ్చింది. ఇవి తమ నకళ్లు తీసుకుని వేరేచోట చొరబడతాయి. ఎక్కడ దిగాయన్నదాన్ని బట్టి ఏమీ జరగకపోవచ్చు, ఒక జన్యువు పాడైపోవచ్చు, మరొకటి అతిగా పనిచేయవచ్చు.

కీటకాల జీనోమ్ సైజుల్లో ఇంత తేడా రావడానికీ రిపీట్లే ముఖ్య కారణం. అంటార్కిటికాలో బతికే ‘బెల్జికా’ అనే చిన్న రెక్కల్లేని ఈగ జీనోమ్ 9.9 కోట్ల అక్షరాలు. పండ్ల ఈగ డ్రోసోఫిలాది దాదాపు 18 కోట్లు. ఆఫ్రికా మలేరియా దోమ అనాఫిలిస్ గాంబియేది 27.8 కోట్లు. డెంగీ దోమ ఏడిస్ ఈజిప్టైది 2007 నాటి లెక్కలో 138 కోట్లు. అందులో సగానికి దగ్గరగా ట్రాన్స్‌పోజాన్లే. 2014లో వెలువడిన వలస మిడత జీనోమ్ ఏకంగా 650 కోట్లు! మనిషిది సుమారు 310 కోట్లే. అలాగని మిడతకు మనకు రెట్టింపు జన్యువులేం లేవు. అందులో గుర్తించినవి 17 వేలకు కాస్త పైన. పుస్తకం లావైంది కథ పెరిగి కాదు, అవే పేజీలు మళ్లీ మళ్లీ అచ్చవడం వల్ల.

పొలానికీ దీనికీ సంబంధమేంటి?

అమెరికాలో పత్తిని, పొగాకును తినే హీలియోథిస్ వైరసెన్స్ అనే పురుగులో బీటీ నిరోధకత ఎలా వచ్చిందో 2001లో తేల్చారు. బీటీ విషం పురుగు పేగులో పట్టుకునే ‘క్యాడ్‌హెరిన్’ ప్రొటీన్ జన్యువులో ఒక రెట్రోట్రాన్స్‌పోజాన్ దూరింది. జన్యువు తెగిపోయింది. విషానికి పట్టు దొరకలేదు, పురుగు బతికిపోయింది. 2002లో పండ్ల ఈగలో ఇంకో తీరు బయటపడింది. ‘అకార్డ్’ అనే ట్రాన్స్‌పోజాన్ ఒక జన్యువు పక్కన చేరి దాన్ని ఎక్కువగా పనిచేయించింది. ఫలితంగా డీడీటీని తట్టుకునే శక్తి వచ్చింది. ఒకచోట ఉన్నది చెడగొట్టి, మరోచోట ఉన్నదాన్ని రెచ్చగొట్టి.. రెండు దారుల్లోనూ నష్టపోయింది మందు కొట్టినవాళ్లే.

ఇంగ్లండ్‌లో పారిశ్రామిక విప్లవ కాలంలో నల్లబడిన పెప్పర్డ్ మాత్ కథ మీరు ఇంటర్ పాఠంలో చదివే ఉంటారు. ఆ నలుపుకు కారణం ‘కార్టెక్స్’ జన్యువులో చేరిన దాదాపు 22 వేల అక్షరాల ట్రాన్స్‌పోజాన్ అని 2016లో తేలింది. అది సుమారు 1819లో జరిగి ఉంటుందని గణాంక పద్ధతుల్లోనే అంచనా కట్టారు. రెండు వందల ఏళ్ల కిందటి సంఘటనకు తేదీ వేసింది లెక్క!

మన పత్తి రైతుకు గులాబీ రంగు పురుగు గురించి చెప్పక్కర్లేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మొదటి తరం బీటీని ఆ పురుగు తట్టుకుంటోందని 2010 నాటికే గుజరాత్ నుంచి నిర్ధారణ వచ్చింది. ఈ పురుగులోనూ క్యాడ్‌హెరిన్ జన్యువులో మార్పులను శాస్త్రవేత్తలు గుర్తించారు. నిరోధకత అంతా ట్రాన్స్‌పోజాన్ల వల్లే అనుకుంటే పొరపాటు. కానీ పురుగు జీనోమ్‌లో ఏ మార్పు ఎంత వేగంగా పాకుతోందో ముందే పసిగట్టాలంటే ఈ విశ్లేషణ రావాలి. ఒక రకం విత్తనం మీద, ఒక మందు మీద రైతు పెట్టే డబ్బు ఆ అంచనా మీద ఆధారపడి ఉంటుంది.

అసలు లెక్క ఇదీ

ఒక ఉదాహరణ చూద్దాం. 18 కోట్ల అక్షరాల జీనోమ్ ఉంది. నాలుగు అక్షరాలూ సమానంగా, యాదృచ్ఛికంగా వచ్చాయనుకుందాం. ‘ఏసీ’ వరుసగా 5 సార్లు, అంటే 10 అక్షరాలు, ఎన్నిచోట్ల కనిపించాలి? ఒక్కోచోట సంభావ్యత 4ను పదిసార్లు గుణిస్తే వచ్చే 10,48,576లో ఒకటి. 18 కోట్లను దాంతో భాగిస్తే సుమారు 172. అంటే ఈ మాట 170 చోట్ల కనిపించిందని సంబరపడాల్సింది ఏమీ లేదు. కాకతాళీయంగానే అన్ని వస్తాయి.

అదే ‘ఏసీ’ 10 సార్లు వస్తే? అప్పుడు 20 అక్షరాలు. సంభావ్యత సుమారు 1,09,951 కోట్లలో ఒకటి. ఆశించే సంఖ్య 0.00016. అంటే ఒక్కటి కూడా కనిపించకూడదు. నిజమైన జీనోమ్‌లలో ఇలాంటివి బోలెడు ఉంటాయి. కాబట్టి ఇది యాదృచ్ఛికం కాదు, వెనక ఓ యంత్రాంగం ఉంది అని చెప్పొచ్చు. ‘ఎన్ని కనిపించాయి’ అన్నది సగం ప్రశ్నే. ‘ఎన్ని కనిపించాలి’ అన్నది మిగతా సగం. ఆ రెండో సగం చేయగలిగినవాళ్లకే గిరాకీ.

ఎక్కువగా జరిగే ఐదు తప్పులు

1. అక్షరాల నిష్పత్తిని మరవడం: తేనెటీగ జీనోమ్‌లో ఏ, టీ అక్షరాలు కలిపి సుమారు 67 శాతం. అక్కడ ‘ఏటీ’ 5 సార్లు వచ్చే సంభావ్యత దాదాపు 56 వేలలో ఒకటి. ‘జీసీ’ 5 సార్లు రావడం 6.7 కోట్లలో ఒకటి. అన్ని అక్షరాలూ సమానం అనుకుని లెక్కేస్తే ‘ఏటీ’ రిపీట్లు ఊరికే 18 రెట్లు ఎక్కువున్నట్టు కనిపిస్తాయి. అది ఆవిష్కరణ కాదు, పోలిక తప్పడం. అందుకే మార్కోవ్ నమూనాతోనో, అదే క్రమాన్ని కలగలిపి తయారుచేసిన వందల నకిలీ క్రమాలతోనో పోల్చాలి.

2. వేల పరీక్షలు చేసి ఒక్కటే చూపించడం: ఆరక్షరాల మాటలు మొత్తం 4,096. ఒక్కోదానికి 0.05 హద్దు పెట్టి పరీక్షిస్తే, అసలు ఏమీ లేకపోయినా దాదాపు 205 ‘ఫలితాలు’ వచ్చేస్తాయి. బాన్ఫెరోనీ సవరణ, బెంజమినీ-హోక్‌బర్గ్ పద్ధతి ఉన్నది ఇందుకే. ఇంటర్వ్యూల్లో తప్పక అడగదగ్గ ప్రశ్న ఇది.

3. ఒకదానిమీద ఒకటి పడే మాటలు: వరుసగా 10 ‘ఏ’లు ఉంటే అందులో ఆరు ‘ఏ’ల మాట 5 సార్లు దొరుకుతుంది. ఇవి ఒకదానికొకటి సంబంధం లేనివి కావు, గుంపుగా వస్తాయి. కాబట్టి మామూలు పాయిజాన్ విభజన ఇక్కడ సరిపోదు. విస్తృతి సగటును దాటిపోతుంది.

4. పాత జీనోమ్‌ను కొత్తదానితో పోల్చడం: 150 అక్షరాల చిన్న ముక్కలు చదివే యంత్రాలు 10 వేల అక్షరాల రిపీట్‌ను దాటలేవు. పది నకళ్లను ఒకటిగా కుదించేస్తాయి. 2000 సంవత్సరంలో వచ్చిన పండ్ల ఈగ జీనోమ్‌లో 18 కోట్లకు గాను చదివింది ప్రధానంగా 12 కోట్ల భాగమే. మిగిలింది రిపీట్లతో కిక్కిరిసిన ప్రాంతం. కాబట్టి కొత్త అసెంబ్లీలో రిపీట్లు ఎక్కువ కనిపిస్తే పురుగు మారిందని కాదు, మన కళ్లజోడు మారిందని.

5. చుట్టరికాన్ని పట్టించుకోకపోవడం: ఒకే ఇంట్లో పదిమందిని అడిగి ‘ఊరంతా ఇదే అంటోంది’ అంటే ఒప్పుకుంటామా? దగ్గరి బంధువులైన 20 ఈగ జాతులను 20 స్వతంత్ర నమూనాలుగా లెక్కేయడమూ అంతే. పరిణామ వృక్షాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతిని జోసెఫ్ ఫెల్సెన్‌స్టీన్ 1985లోనే చూపారు.

హైదరాబాద్ ముద్ర

ఈ రంగం మనకు కొత్తేం కాదు. సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. ఇక రిపీట్ల విషయానికొస్తే.. కట్లపాము జాతికి చెందిన ఒక పాములో దొరికిన ‘జీఏటీఏ’ రిపీట్ల ఆధారంగా లాల్జీ సింగ్ సీసీఎంబీలో డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని అభివృద్ధి చేశారు. నేర పరిశోధనల్లో మనం వినే డీఎన్‌ఏ పరీక్షకు మన దేశంలో పునాది ఓ పాము రిపీట్!

హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీలో జె.నాగరాజు బృందం పట్టుపురుగు మైక్రోశాటిలైట్లతో 2005లో ‘సిల్క్‌శాట్‌డీబీ’ని, ఐదు కీటకాల జీనోమ్‌లతో 2007లో ‘ఇన్‌శాట్‌డీబీ’ని అందుబాటులోకి తెచ్చింది. ఆ ఐదు.. పండ్ల ఈగ, మలేరియా దోమ, తేనెటీగ, పట్టుపురుగు, పిండిలో పడే ఎర్ర పెంకు పురుగు. సీసీఎంబీ పరిశోధకులు 2018లో ‘పెర్ఫ్’ అనే మైక్రోశాటిలైట్ శోధన సాఫ్ట్‌వేర్‌ను ప్రచురించారు. హిందూపురం దగ్గర కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. అంటే డేటా నుంచి పట్టుగూడు దాకా మొత్తం గొలుసు తెలుగు నేల మీదే ఉంది.

కొలువుల మాట.. ఉన్నదున్నట్టు

‘బయోఇన్ఫర్మాటిక్స్ చేస్తే వెంటనే ఉద్యోగం’ అనే ప్రకటనలు నమ్మి డబ్బు కట్టకండి. కీటకాల రిపీట్ల మీదే పనిచేసే కొలువులు తక్కువ. అవీ ఎక్కువగా పరిశోధన సంస్థల్లోనే. కానీ ఈ పని నేర్పే నైపుణ్యం మాత్రం ఎటైనా పనికొస్తుంది. భారీ డేటాలో యాదృచ్ఛికం ఏది, నిజం ఏది అని విడదీయడం.. క్లినికల్ ట్రయల్స్ కంపెనీలకు, విత్తన కంపెనీలకు, డయాగ్నస్టిక్స్‌కు, డేటా అనలిటిక్స్‌కు అందరికీ కావాల్సిందే.

లైఫ్ సైన్సెస్ విద్యార్థులైతే: పీజీకి గాట్-బి, పరిశోధనకు సీఎస్‌ఐఆర్-నెట్, డీబీటీ బెట్, గేట్ బయోటెక్నాలజీ లేదా లైఫ్ సైన్సెస్ పేపర్లు చూడండి. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు రూ.37 వేలు, ఎస్‌ఆర్‌ఎఫ్ రూ.42 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం. సంభావ్యత, పరికల్పన పరీక్ష, రిగ్రెషన్.. ఈ మూడింటికీ భయపడకుండా ఉంటే సగం పోటీ దాటినట్టే.

స్టాటిస్టిక్స్, మ్యాథ్స్ విద్యార్థులైతే: ఐఐటీ జామ్‌లో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్, గేట్‌లో స్టాటిస్టిక్స్ పేపర్లు ఉన్నాయి. జీవశాస్త్రం ఇంటర్‌తో ఆగిపోయిందని వెనకాడొద్దు. జన్యువు, ట్రాన్స్‌పోజాన్, అసెంబ్లీ అంటే ఏంటో తెలిస్తే చాలు, మొదలుపెట్టొచ్చు.

కంప్యూటర్ సైన్స్ విద్యార్థులైతే: పైథాన్, లినక్స్ మీకు వచ్చే ఉంటాయి. కోడ్ నడిచింది కాబట్టి జవాబు సరైనదే అనుకునే అలవాటు మానాలి. పై ఐదు తప్పులనూ చక్కగా నడిచే కోడ్‌తోనే చేయొచ్చు.

నెల రోజుల మినీ ప్రాజెక్టు

రెజ్యుమెలో పది సర్టిఫికెట్ల కన్నా సొంతంగా చేసిన ఒక్క పని నయం. ఖర్చు లేకుండా ఇలా చేయొచ్చు.

మొదటి వారం: ఎన్‌సీబీఐ వెబ్‌సైట్ నుంచి పండ్ల ఈగ, తేనెటీగ జీనోమ్‌లను ఉచితంగా దించుకోండి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. అక్షరాల నిష్పత్తి మీరే లెక్కించండి.

రెండో వారం: పెర్ఫ్ లేదా టాండెమ్ రిపీట్స్ ఫైండర్‌తో మైక్రోశాటిలైట్లను వెతకండి. ప్రతి పది లక్షల అక్షరాలకు ఎన్ని అని లెక్కకట్టండి. లేదంటే పెద్ద జీనోమే ఎప్పుడూ గెలుస్తుంది.

మూడో వారం: క్రమాన్ని వందసార్లు కలగలిపి, ఆశించే సంఖ్యను తెలుసుకోండి. నిజ సంఖ్యతో పోల్చండి. బహుళ పరీక్షల సవరణ చేయండి.

నాలుగో వారం: నాలుగు పేజీల నివేదిక రాయండి. ఏది తేల్చారో, ఏది తేల్చలేకపోయారో రెండూ రాయండి. కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టండి. ఇంటర్వ్యూలో ‘ఈ సంఖ్య యాదృచ్ఛికం కాదని ఎలా చెప్పగలవు?’ అని అడిగితే, జవాబు మీ నివేదిక మూడో పేజీలోనే ఉంటుంది.

పోటీ పరీక్షల కోణం

గ్రూప్-1, సివిల్స్ అభ్యర్థులు గుర్తుంచుకోవాల్సినవి: ఎర్త్ బయోజీనోమ్ ప్రాజెక్ట్ (2018), బయోటెక్-ప్రైడ్ (2021), ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్, ఫరీదాబాద్ (2022), బయోఈ3 విధానం (2024), జీనోమ్ ఇండియా (2025). మెయిన్స్‌లో బీటీ పత్తి, పురుగుల నిరోధకత ప్రశ్న వస్తే హీలియోథిస్ ఉదాహరణ ఒక్కటి రాసినా జవాబుకు బరువు వస్తుంది.

సాధన ప్రశ్నలు

1. అక్షరాలన్నీ సమానంగా, యాదృచ్ఛికంగా ఉన్న 6,55,36,000 అక్షరాల క్రమంలో ఒక నిర్దిష్ట 8 అక్షరాల మాట ఎన్నిసార్లు రావచ్చు?

2. నిజమైన ప్రభావం ఏదీ లేని 1,000 పరీక్షలను 0.05 హద్దుతో చేస్తే సగటున ఎన్ని తప్పుడు ఫలితాలు వస్తాయి?

3. కీటకాల్లో ఎక్కువగా కనిపించే క్రోమోజోమ్ కొస రిపీట్ ఏది?

జవాబులు: 1) 1,000  2) 50  3) టీటీఏజీజీ

మొదటి రెండింటికీ కాగితం, పెన్ను చాలు. జవాబు చూడకముందే చేయగలిగారా? అయితే ఈ వారాంతమే పండ్ల ఈగ జీనోమ్ దించుకోండి. చేయలేకపోతే ఇంటర్ సంభావ్యత పాఠం మరోసారి తిరగేయండి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లండి.